గిన్నె శిలీంధ్రాల గుర్తింపు: వర్ణన, లక్షణం – ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

అడవి నేల మీద రాలిన ఆకుల్లో, పుల్లల్లో, కాయల డొప్పల్లో కొన్ని మిల్లీమీటర్ల పరిమాణంలో పెరిగే గిన్నె శిలీంధ్రాలకు సరైన పేరు నిర్ణయించడం వర్గీకరణ శాస్త్రంలో క్లిష్టమైన పని. ఈ పనికి తోడ్పడే మార్గదర్శక గ్రంథాలు ప్రధానంగా వర్ణనల మీద ఆధారపడతాయి. వర్ణన యథార్థమైనంత మాత్రాన అది లక్షణం కాగలదా అన్నది ఈ వ్యాసంలోని మూలప్రశ్న. భారతీయ తర్కశాస్త్రం చెప్పిన లక్షణ దోషాలను కొలమానంగా తీసుకొని, ఐరోపాలో వెలువడిన కొన్ని ప్రసిద్ధ గ్రంథాల పద్ధతులను ఈ వ్యాసం విమర్శిస్తుంది. యాష్ చెట్ల ఎండుతెగులుకు కారణమైన హైమినోసైఫస్ ఫ్రాక్సినియస్ అనే చిన్న గిన్నె శిలీంధ్రం చాలాకాలం మరొక జాతి పేరుతో చలామణి కావడాన్ని ప్రధాన ఉదాహరణగా స్వీకరిస్తుంది. తెలుగులో ప్రకృతి విజ్ఞాన రచనకు ఈ పరిశీలన ఎలా ఉపకరిస్తుందో చివరలో సూచిస్తుంది.

కీలకపదాలు: గిన్నె శిలీంధ్రాలు, లక్షణం, అతివ్యాప్తి, అవ్యాప్తి, వ్యావృత్తి, స్వభావోక్తి, వర్గీకరణ, యాష్ ఎండుతెగులు.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో ‘పుట్టగొడుగు’ అనే మాటలోనే ఒక ఆకృతి ఇమిడి ఉంది. పుట్ట మీద లేచిన గొడుగు అది. కాడ, దానిపై విచ్చుకున్న గొడుగు లేని శిలీంధ్రం ఈ మాట వినగానే స్ఫురించదు. అయితే అడవి నేలపై కూర్చొని, రాలిన ఆకులను ఒక్కొక్కటిగా తిరగేసి, భూతద్దంతో చూసేవారికి గొడుగు ఆకారం లేని శిలీంధ్రాలే ఎక్కువగా కనిపిస్తాయి. వాటిలో పైకి తెరచుకొని, ప్రమిదలాగానో చిన్న గిన్నెలాగానో ఉండేవి గిన్నె శిలీంధ్రాలు. వీటిలో అనేకం ఒక మిల్లీమీటరుకు లోపే ఉంటాయి. గిన్నె లోపలి తలం మీద సన్నని సంచులు బారులు తీరి నిలబడి ఉంటాయి. ఒక్కొక్క సంచిని ఆస్కస్ అంటారు. సాధారణంగా ఒక్కో ఆస్కస్‌లో ఎనిమిది సిద్ధబీజాలుంటాయి.

ఇంత చిన్న జీవికి పేరు పెట్టడంలో పొరపాటు జరిగితే నష్టమేమిటన్న ప్రశ్న సహజం. ఒక పేరు ఒకసారి నమోదైతే అది పట్టికల్లోకి, పరిశోధన వ్యాసాల్లోకి, అటవీ నిర్వహణ నిర్ణయాల్లోకి ప్రవేశిస్తుంది. ప్రక్షిప్త పద్యం మూలపాఠంలో కలిసిపోయాక దానిని వేరుచేయడం ఎంత కష్టమో, తప్పుడు పేరును నమోదుల నుంచి తొలగించడం అంతే కష్టం. కనుక గుర్తింపు గ్రంథాల్లోని వర్ణనలను సాహిత్య విమర్శకులు పాఠాన్ని చదివినంత జాగ్రత్తగా చదవవలసి ఉంది.

2. వర్ణన, లక్షణం – పరిశీలనా దృక్పథం:

అలంకారశాస్త్రం వస్తువు స్వభావాన్ని ఉన్నదున్నట్లు చెప్పడాన్ని స్వభావోక్తి అన్నది. తర్కశాస్త్రం వస్తువుకు మాత్రమే చెందిన అసాధారణ ధర్మాన్ని లక్షణం అన్నది. ఈ రెండూ ఒకటి కావు. స్వభావోక్తి యథార్థమైతే చాలు. లక్షణం యథార్థమై ఉండటంతో పాటు ఇతర వస్తువుల నుంచి వేరుచేయగలగాలి. 17వ శతాబ్దికి చెందిన అన్నంభట్టు తర్కసంగ్రహానికి తానే రాసుకున్న దీపికలో లక్షణానికి రెండు ప్రయోజనాలను చూపాడు. ఒకటి వ్యావృత్తి, అంటే ఇతరాల నుంచి వేరుచేయడం. రెండవది వ్యవహారం, అంటే ఆ వస్తువును ఫలానా పేరుతో పిలవడానికి వీలు కల్పించడం.

లక్షణానికి మూడు దోషాలు చెబుతారు. ఆవుకు కపిలవర్ణం లక్షణమంటే అది అవ్యాప్తి. తెల్లని ఆవులకు వర్తించదు. కొమ్ములుండటం లక్షణమంటే అతివ్యాప్తి, గేదెలకూ వర్తిస్తుంది. ఒంటిగిట్ట ఉండటం లక్షణమంటే అసంభవం. ఏ ఆవుకూ వర్తించదు. ప్రథమ పాఠాల్లోనే వచ్చే ఈ ఉదాహరణలు గిన్నె శిలీంధ్రాల విషయంలో ఆశ్చర్యకరంగా పనికివస్తాయి.

‘గిన్నె ఆకారం’ అనే ధర్మాన్నే తీసుకుందాం. గిన్నె శిలీంధ్రాల్లో పెజైజేలిస్ ఒక ప్రధాన క్రమం. హిమాలయ ప్రాంతాల్లో గుచ్చి పేరుతో అమ్మే మోరెల్ ఈ క్రమానికే చెందినా దానికి తేనెపట్టులాంటి తల ఉంటుంది తప్ప గిన్నె ఉండదు. కనుక ఆకారాన్ని లక్షణంగా చెబితే అవ్యాప్తి. మరోవైపు, లాక్నెల్లా అనే ప్రజాతి శిలీంధ్రాలు నూగుతో కూడిన చిన్న తెల్ల గిన్నెల్లాగే ఉంటాయి. అయినా అవి గొడుగు శిలీంధ్రాల బంధువులు. వాటి సిద్ధబీజాలు సంచుల్లో కాక బెసీడియాలనే కణాల మీద పుడతాయి. భూతద్దం కింద వాటిని లాక్నమ్ అనే అసలైన గిన్నె శిలీంధ్ర ప్రజాతిగా పొరబడటం సులభం. ఇది అతివ్యాప్తి. ఆకారమనే ఒక్క ధర్మంలోనే రెండు దోషాలూ కనిపిస్తున్నాయి.

3. మార్గదర్శక గ్రంథాలు – మూడు పద్ధతులు:

బ్రిటన్, ఐరోపా అడవుల్లోని గిన్నె శిలీంధ్రాలను గుర్తించడానికి 20వ శతాబ్దిలో వచ్చిన గ్రంథాలను మూడు పద్ధతులుగా చూడవచ్చు.

3.1 వర్గక్రమ పద్ధతి:

క్యూ ఉద్యానంలో శిలీంధ్ర విభాగానికి చాలాకాలం నాయకత్వం వహించిన ఆర్. డబ్ల్యూ. జి. డెన్నిస్ 1960లో బ్రిటిష్ గిన్నె శిలీంధ్రాల మీద, 1968లో బ్రిటిష్ ఆస్కోమైసిటీస్ మీద గ్రంథాలు వెలువరించాడు. వీటిలో జాతులు కుటుంబాల వారీగా, ప్రజాతుల వారీగా అమరి ఉంటాయి. పాఠకుడు మొదట కుటుంబాన్ని నిర్ణయించుకోవాలి. వ్యాకరణం తెలిసినవారికి నిఘంటువు సులభంగా లొంగినట్లు, వర్గీకరణ తెలిసినవారికి ఈ గ్రంథాలు లొంగుతాయి. కొత్తవారికి తొలి మెట్టే ఎత్తుగా ఉంటుంది. అయినా, ఒక జాతిని దాని సమీప జాతుల పక్కన నిలిపి చూపడం ఈ పద్ధతిలోని పెద్ద బలం. వ్యావృత్తికి అవసరమైన పోలిక పుటలోనే దొరుకుతుంది.

3.2 ఆధార పద్ధతి:

మార్టిన్ ఎల్లిస్, పమేలా ఎల్లిస్ 1985లో ప్రచురించిన నేలమొక్కల సూక్ష్మశిలీంధ్రాల గ్రంథం మరో దారి తొక్కింది. ఇందులో శిలీంధ్రాలు అవి పెరిగే మొక్కల వారీగా అమరి ఉంటాయి. ఓక్ మీద ఏవి, బీచ్ మీద ఏవి, ముళ్ళపొద మీద ఏవి అని వెతుక్కోవచ్చు. చిన్న గిన్నె శిలీంధ్రాల్లో అనేకం ఫలానా చెట్టుకు, ఆ చెట్టులోనూ ఫలానా భాగానికి పరిమితమై ఉంటాయి. హైమినోసైఫస్ ఫ్రక్టిజీనస్ అనే జాతి రాలిన ఓక్ కాయల మీద, బీచ్ కాయల డొప్పల మీద పెరగడం ప్రసిద్ధం. కనుక ‘ఎలా ఉంది’ అన్న ప్రశ్నకన్నా ‘దేని మీద ఉంది’ అన్న ప్రశ్నను ముందు నిలపడం విలువైన మార్పు. అయితే ఈ పద్ధతి ఒక ఊహ మీద నిలబడి ఉంది: ఒకే ఆధారం మీద ఒకే రూపంతో కనిపించేది ఒకే జాతి అని. ఈ ఊహ ఎక్కడ విఫలమైందో అయిదవ విభాగంలో కనిపిస్తుంది.

3.3 చిత్ర పద్ధతి:

బ్రైటెన్‌బాఖ్, క్రెంజ్లిన్ 1981లో ప్రారంభించిన స్విట్జర్లాండ్ శిలీంధ్రాల గ్రంథమాల మొదటి సంపుటం ఆస్కోమైసిటీస్‌కు కేటాయించినది. ప్రతి జాతికి రంగు ఛాయాచిత్రం, వర్ణన, సూక్ష్మదర్శినిలో కనిపించే భాగాల రేఖాచిత్రం ఒకేచోట ఇవ్వడం దీని విశిష్టత. ఇక్కడ ఛాయాచిత్రం స్వభావోక్తి, రేఖాచిత్రం లక్షణం. రెండింటినీ కలిపి చదివితే ప్రయోజనం ఉంది. పాఠకుల్లో చాలామంది ఛాయాచిత్రం దగ్గరే ఆగిపోవడం వల్ల చిక్కు వస్తుంది.

ఓక్ దుంగల మీద నీలిపచ్చగా మెరిసే క్లోరోసిబోరియా దీనికి చక్కని ఉదాహరణ. ఐరోపాలో దీని జాతులు రెండు: ఎరూజినోసా, ఎరూజినాసెన్స్. రెండూ కర్రను లోపలిదాకా పచ్చగా మారుస్తాయి. వాటిని వేరుచేసేది సిద్ధబీజాల పరిమాణం. ఎరూజినాసెన్స్‌లో వాటి పొడవు సుమారు 6 నుంచి 10 మైక్రోమీటర్లు. ఎరూజినోసాలో సుమారు 9 నుంచి 14. మైక్రోమీటరు అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఎంత అందమైన ఛాయాచిత్రమైనా ఈ తేడాను చూపలేదు. పైగా ఈ కొలతలు ఒకదానిమీదికి ఒకటి వస్తున్నాయి. కనుక ఒక్క బీజాన్ని కొలిచి తీర్పు చెప్పడం కుదరదు. చాలా బీజాలను కొలిచి సగటు చూడాలి.

4. ఎండిన ప్రతి, సజీవ ప్రతి:

పై మూడు పద్ధతులకూ ఉమ్మడిగా ఉన్న ఒక లోపాన్ని జర్మన్ పరిశోధకుడు హన్స్-ఓట్టో బరాల్ 1992లో వెలువరించిన వ్యాసంలో ఎత్తి చూపాడు. శిలీంధ్ర వర్ణనల్లో అధికభాగం హెర్బేరియంలో ఎండబెట్టి దాచిన ప్రతుల ఆధారంగా రాసినవి. కణం చనిపోగానే కుంచించుకుపోతుంది. దానిలోని నూనె బిందువుల అమరిక చెదురుతుంది. రిక్తికలు మాయమవుతాయి. ఈ మార్పులను గమనించని వర్ణన శవాన్ని చూసి మనిషి నడకను వర్ణించినట్లు ఉంటుంది. సజీవ కణాలను మంచినీటిలో పరిశీలించినప్పుడే కనిపించే ధర్మాలు వర్గీకరణకు కీలకమని బరాల్ వాదన.

దీనికన్నా ముందు, 1987లో ఆయనే మరో విషయం నిరూపించాడు. ఆస్కస్ గోడ అయొడిన్‌తో రంగు మారుతుందా లేదా అన్నది గిన్నె శిలీంధ్రాల్లో ముఖ్యమైన గుర్తు. దీనికి చాలామంది మెల్జర్ ద్రావణాన్ని వాడేవారు. కొన్ని జాతుల్లో మెల్జర్ ద్రావణంతో ఏ మార్పూ కనిపించదు. అదే గోడ లుగోల్ ద్రావణంలో ఎర్రబడుతుంది. అంటే పాత గ్రంథాల్లో ‘అయొడిన్‌తో మార్పు లేదు’ అన్న వాక్యాల్లో కొన్ని శిలీంధ్రం గురించి చెప్పినవి కావు, వాడిన ద్రావణం గురించి చెప్పినవి. ఏ ప్రతిని ఆధారం చేసుకున్నాడో చెప్పని పరిష్కర్త పాఠనిర్ణయాన్ని విమర్శకులు ఎలా అనుమానిస్తారో, పద్ధతి చెప్పని అభావ వాక్యాన్ని అలాగే అనుమానించాలి.

ఇక్కడ డెన్నిస్ తరం వారిని తప్పుపట్టడం న్యాయం కాదు. దేశదేశాల నుంచి వచ్చిన ఎండు ప్రతులు లేకుంటే వారి తులనాత్మక కృషి సాధ్యమయ్యేదే కాదు. ఒక జాతి పేరు దేనికి చెందుతుందో తేల్చే మూలప్రతులు కూడా హెర్బేరియంలోనే ఉంటాయి. బరాల్ చూపిన దారి హెర్బేరియాన్ని రద్దు చేయదు. ఎండబెట్టక ముందే చూడవలసినవి చూసి రాసుకొమ్మంటుంది.

5. హైమినోసైఫస్ ఆల్బిడస్ – ఒకే పేరు, రెండు జీవులు:

యాష్ ఐరోపాలో విస్తారంగా పెరిగే చెట్టు. మన వేపాకు మాదిరిగా ఒకే ఈనెకు ఇరువైపులా చిన్న ఆకులుండే సంయుక్త పత్రం దానిది. ఆకు రాలి, చిరు ఆకులు కుళ్ళిపోయాక నల్లబడిన ఈనె నేలమీద మిగులుతుంది. మరుసటి వేసవిలో దానిమీద కొన్ని మిల్లీమీటర్ల వెడల్పున, చిన్న కాడతో తెల్లని గిన్నెలు మొలుస్తాయి. 19వ శతాబ్ది మధ్యలోనే వర్ణించిన ఈ శిలీంధ్రానికి హైమినోసైఫస్ ఆల్బిడస్ అన్న పేరు స్థిరపడింది. ఇది రాలిన ఆకును కుళ్ళబెట్టే నిరపాయకర జీవి.

1990ల ప్రారంభంలో పోలండ్‌లో యాష్ చెట్లు కొమ్మల చివరల నుంచి ఎండిపోవడం మొదలైంది. 2006లో తదియుష్ కోవాల్‌స్కీ ఆ చెట్ల నుంచి వేరుచేసిన శిలీంధ్రానికి కలారా ఫ్రాక్సినియా అని పేరు పెట్టాడు. అది అలైంగిక దశ మాత్రమే. 2009లో కోవాల్‌స్కీ, హోల్డెన్‌రీడర్ దాని లైంగిక దశ హైమినోసైఫస్ ఆల్బిడస్ అని ప్రకటించారు. తరతరాలుగా నిరపాయంగా ఉన్న జీవి ఉన్నట్టుండి చెట్లను ఎందుకు చంపుతోంది అన్నది అప్పుడు పెద్ద చిక్కుప్రశ్న అయింది.

2011లో వాలెంటిన్ కెలోజ్, సహపరిశోధకులు ప్రచురించిన డి.ఎన్.ఏ. పరిశీలన ఆ చిక్కును విప్పింది. ఆల్బిడస్ అనే పేరు కింద రెండు జాతులున్నాయి. చెట్లను చంపుతున్న దానికి వారు హైమినోసైఫస్ సూడోఆల్బిడస్ అని పేరు పెట్టారు. జపాన్‌లో 1993లో లాంబర్టెల్లా ఆల్బిడా అన్న పేరుతో నమోదైన శిలీంధ్రం ఇదేనని తర్వాతి పరిశీలన తేల్చింది. తూర్పు ఆసియాలో ఇది మంచూరియా యాష్ ఆకుల మీద పెద్దగా హాని చేయకుండా బతుకుతుంది. ఐరోపా యాష్‌కు దీనితో పూర్వ పరిచయం లేదు. ఒక శిలీంధ్రపు రెండు దశలకు రెండు పేర్లుండే పాత సంప్రదాయం రద్దు కావడంతో, ముందుగా వచ్చిన ‘ఫ్రాక్సినియా’ పదానికి ప్రాధాన్యం దక్కింది. 2014లో బరాల్, కెలోజ్, హోసోయా హైమినోసైఫస్ ఫ్రాక్సినియస్ అన్న పేరును స్థిరపరిచారు.

ఈ చరిత్రను లక్షణ దృష్టితో చూస్తే విషయం స్పష్టమవుతుంది. ‘యాష్ ఆకు నల్లని ఈనె మీద చిన్న కాడతో తెల్లని గిన్నె’ అన్న వర్ణనలో అసత్యం ఒక్కటీ లేదు. రంగు నిజం, ఆకారం నిజం, ఆధారం నిజం. అయినా అది రెండు జాతులకూ సమంగా వర్తిస్తుంది. స్వభావోక్తిగా నిర్దుష్టం, లక్షణంగా అతివ్యాప్తి. ఆల్బిడస్ అన్న పేరు వ్యవహారాన్ని నెరవేర్చింది కాని వ్యావృత్తిని నెరవేర్చలేదు. ఎల్లిస్‌ల ఆధార పద్ధతి ఇక్కడ తోడ్పడదు. రెండూ ఒకే ఈనె మీద పెరుగుతాయి. ఛాయాచిత్రం అసలే తోడ్పడదు.

అయితే రూపంలో తేడాయే లేదన్న మాట కూడా నిలవలేదు. బరాల్, బెమ్మాన్ 2014లో ప్రచురించిన సూక్ష్మదర్శినీ పరిశీలనలో ఒక భేదకం స్పష్టంగా నిలిచింది. ఫ్రాక్సినియస్‌లో ఆస్కస్ అడుగున తంతువు కొక్కెంలా వంగి ఉంటుంది. ఆల్బిడస్‌లో ఆ కొక్కెం ఉండదు. డి.ఎన్.ఏ. ముందుగా చెప్పిన భేదాన్ని కన్ను తర్వాత చూసింది. ఆ కొక్కెం కొత్తగా పుట్టినది కాదు. అక్కడ చూడవలసింది ఉందని వర్ణన చెప్పలేదు కనుక చూపు అక్కడికి పోలేదు.

6. పేరు నిలిచి జీవి తొలగినప్పుడు:

బ్రిటన్‌లో ఈ తెగులు 2012 ఫిబ్రవరిలో బకింగ్‌హామ్‌షైర్‌లోని ఒక నర్సరీ మొక్కల్లో బయటపడింది. అదే సంవత్సరం అక్టోబరులో తూర్పు ప్రాంతపు అడవుల్లోనూ కనిపించింది. ఆ నెలాఖరులో యాష్ మొక్కల దిగుమతిని నిషేధించారు. వేసవిలో నేలమీది గిన్నెల నుంచి లేచే సిద్ధబీజాలు గాలిలో ప్రయాణించి ఆకుల మీద పడి, ఈనెల గుండా కొమ్మల్లోకి చేరతాయి. కోట్లాది చెట్ల మృత్యువుకు మూలం అడవి చెత్తలో మొలిచే కొన్ని మిల్లీమీటర్ల గిన్నె.

దీనికి మరో ముఖం ఉంది. దానిని తక్కువగా చర్చించారు. డెన్మార్క్ పరిశోధకులు 2012లో ప్రచురించిన వ్యాసం కొత్తగా వచ్చిన రోగకారక జాతి స్థానిక ఆల్బిడస్‌ను తొలగించి దాని చోటును ఆక్రమించుకుంటోందని చూపి, ఇది కనిపించని స్థానిక విలుప్తమా అని ప్రశ్నించింది. రెండు జీవులకూ ఒకే పేరు ఉన్నంతకాలం ఈ తొలగింపు ఎవరికీ తెలిసే అవకాశం లేదు. ‘ఆల్బిడస్ ఈ ఏడాది కూడా కనిపించింది’ అని నమోదు చేసేవారు సత్యమే రాస్తున్నామనుకుంటారు. ఈనె మీద మాత్రం ఆల్బిడస్ లేదు. పేరు నిలిచి ఉండటం వల్లనే జీవి పోయిన సంగతి మరుగున పడింది. అతివ్యాప్తి దోషం తర్కగ్రంథాల్లో విద్యార్థి మార్కులకు సంబంధించిన విషయంగా కనిపించవచ్చు. ఇక్కడ ఒక జాతి ఉనికి దానిమీద ఆధారపడింది.

డి.ఎన్.ఏ. వచ్చాక వర్ణనతో పని లేదనే వాదం ఇటీవల వినిపిస్తోంది. భేదం ఉందని మొదట చెప్పింది డి.ఎన్.ఏ. అన్నది నిస్సందేహం. కాని డి.ఎన్.ఏ. క్రమాన్ని పోల్చి చూడటానికి నిధిలో ముందే పేరున్న క్రమం ఉండాలి. ఆ పేరు పెట్టినవారు పొరబడి ఉంటే యంత్రం ఆ పొరపాటునే ఖచ్చితంగా తిరిగి చెబుతుంది. కనుక క్రమానికి వెనుక ప్రతి, ప్రతికి వెనుక సరైన వర్ణన ఉండక తప్పదు.

7. తెలుగు వర్ణనకు వర్తింపు:

తెలుగులో శిలీంధ్రాలను వర్ణించేవారికి ఈ చర్చ మూడు విషయాలను సూచిస్తుంది. మొదటిది ఆధారాన్ని నిర్దిష్టంగా చెప్పడం. ‘కర్ర మీద’ అంటే సరిపోదు. తెలుగులో ఈనె, తొడిమ, రెమ్మ, పుల్ల, మోడు, దుంగ, బెరడు, పెచ్చు, డొప్ప వంటి మాటలు వేర్వేరు భాగాలకు వేర్వేరుగా ఉన్నాయి. ఇవి పల్లెల్లో నిత్య వ్యవహారంలో ఉన్న మాటలు. సూక్ష్మశిలీంధ్రాల వర్ణనకు ఇంతకన్నా అమరిన పరిభాషను సంస్కృతం నుంచి కల్పించుకోవలసిన పని లేదు.

రెండవది పరిశీలన స్థితిని చెప్పడం. తాజాదా, ఎండినదా, నీటిలో చూశారా, ఏ ద్రావణంలో చూశారు అన్నది వర్ణనలో భాగం కావాలి. మూడవది సమీప జాతి నుంచి భేదాన్ని చెప్పడం. ఉపమ సాదృశ్యం మీద నడుస్తుంది. గుర్తింపు భేదం మీద నడుస్తుంది. ‘ప్రమిదలా ఉంటుంది’ అన్నది పాఠకుణ్ణి వస్తువు దగ్గరికి తీసుకువెళ్తుంది. ‘దీనికి కొక్కెం ఉంటుంది, దానికి ఉండదు’ అన్నది పేరు దగ్గరికి తీసుకువెళ్తుంది. ఈ రెండు మెట్లలో మొదటిదానినే గమ్యమనుకోవడం జనరంజక విజ్ఞాన రచనలో తరచుగా జరిగే పొరపాటు.

భేదకం దొరకనప్పుడు జాతి పేరు చెప్పకుండా ప్రజాతి దగ్గర ఆగిపోవడం కూడా శాస్త్రీయమైన జవాబే. ‘హైమినోసైఫస్ ప్రజాతి, జాతి అనిర్ణీతం’ అన్న నమోదు అసంపూర్ణమే కాని అబద్ధం కాదు. తర్వాత వచ్చేవారు దానిని పూరించగలరు. తప్పుడు పేరును దిద్దాలంటే ముందు అది తప్పని ఎవరికైనా అనుమానం రావాలి.

8. ముగింపు:

• గిన్నె శిలీంధ్రాల గ్రంథాల్లోని వర్ణనలు ఎక్కువగా స్వభావోక్తులు. అవి యథార్థమైనప్పటికీ వ్యావృత్తి కలిగించనంత వరకు లక్షణాలు కావు.

• వర్గక్రమ, ఆధార, చిత్ర పద్ధతుల్లో ప్రతిదానికీ స్వంత బలం ఉంది. ఏ ఒక్కటీ ఒంటరిగా చాలదని క్లోరోసిబోరియా, హైమినోసైఫస్ ఉదాహరణలు నిరూపిస్తున్నాయి.

• సజీవ కణాల పరిశీలన, వాడిన ద్రావణం పేరు వర్ణనలో చేరనంత కాలం ‘లేదు’ అన్న వాక్యాలను ప్రమాణంగా గ్రహించరాదు.

• ఆల్బిడస్, ఫ్రాక్సినియస్‌ల చరిత్రలో అతివ్యాప్తి దోషం ఒక జాతి రాకను, మరో జాతి పోకను ఏకకాలంలో కప్పిపుచ్చింది.

• రాలిన ఈనె మీది తెల్లని గిన్నెను చూసి పేరు చెప్పే ముందు, ఆ పేరు దేనిని దేని నుంచి వేరుచేస్తోందో అడగడం పరిశీలకుల ప్రథమ కర్తవ్యం. పాఠకులు గ్రంథాన్ని అడగవలసిన ప్రశ్న కూడా అదే.